క్యోటో మాచియా బస

జపాన్‌లోని క్యోటో నగరంలో పాతకాలపు చెక్క ఇళ్లను పర్యాటకులకు రోజుల లెక్కన అద్దెకిచ్చే పద్ధతిని మాచియా బస అంటారు. మాచియా అనేది ఆ నగరపు వర్తకులు, చేతివృత్తులవాళ్లు కట్టుకున్న ఇల్లు. ముందు అంగడి, వెనక కాపురం. అద్దెకిచ్చేటప్పుడు సాధారణంగా ఇల్లంతా ఒకే బృందానికి ఇస్తారు. హోటల్లో లాగా రిసెప్షన్ ఉండదు, భోజనం వడ్డించేవాళ్లు ఉండరు, రోజూ వచ్చి పక్క సర్దేవాళ్లు ఉండరు. తాళం చేతికొచ్చింది మొదలు తిరిగి అప్పగించేదాకా అతిథే ఆ ఇంటి యజమాని.

విహారయాత్రికులకు ఇళ్లు అద్దెకిచ్చే పద్ధతి ప్రపంచంలోని చాలా పెద్ద నగరాల్లో ఉంది. క్యోటోను ప్రత్యేకంగా చెప్పుకోవడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, అక్కడ అద్దెకు దొరికేది అపార్టుమెంటులో ఒక ఫ్లాటు కాదు, కనుమరుగైపోతున్న ఒక గృహనిర్మాణ శైలి. రెండు, ఆ బస మీద నగరం పెట్టిన ఆంక్షలు. వాటిని చదివితే అతిథి సౌఖ్యం కన్నా పక్కింటివాళ్ల నిద్ర గురించే ఎక్కువ ఆలోచించినట్టు తెలుస్తుంది. ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉండే ఊళ్లో అలా ఆలోచించడమే సబబు.

ఇంటి కట్టుబడి

క్యోటో 794లో రాజధాని అయింది. 1868లో షోగున్ల సైనిక పాలన పోయి మెయిజీ మార్పు వచ్చేదాకా చక్రవర్తి నివాసం అక్కడే. చైనా రాజధాని చాంగాన్ నమూనాగా వీధులను నిలువుగా, అడ్డంగా గీతలు గీసినట్టు వేశారు. వ్యాపారికి వీధి ముఖమే బతుకుదెరువు. అందరికీ వీధి మీద చోటు కావాలి కాబట్టి ఒక్కొక్కరికి దక్కింది తక్కువ. దాంతో ఇల్లు లోపలికి సాగింది. ముందు వెడల్పు ఐదారు మీటర్లే ఉన్నా లోతు ఇరవై మీటర్లు దాటిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. స్థానికులు వీటిని మలుగుపాము పడకలని వేళాకోళం చేస్తారు. ముఖభాగం వెడల్పును బట్టి పన్ను వేసేవారు కాబట్టి ఇలా ఇరుకుగా కట్టారని గైడ్లు తప్పకుండా చెప్తారు. వినడానికి బాగుండే కథే. అయితే వీధి ముఖం కోసం పోటీ అన్న కారణం అంతకన్నా నమ్మదగ్గది.

అద్దె ప్రకటనల్లో 'శతాబ్దాల నాటి ఇల్లు' అన్న మాట కనిపిస్తే కాస్త ఆగి చదవాలి. 1864లో చోషూ అనే సంస్థానపు సేనలకు, షోగున్ పక్షానికి రాజప్రాసాదం దగ్గర జరిగిన పోరులో మంటలు అంటుకుని నగరంలో చాలా భాగం బూడిదైంది. రెండో ప్రపంచయుద్ధంలో మాత్రం ఇతర జపాన్ నగరాలకు జరిగినంత బాంబు నష్టం క్యోటోకు జరగలేదు. కాబట్టి నేడు నిలిచి ఉన్న మాచియాల్లో ఎక్కువ 1864కు, యుద్ధానికి మధ్య కట్టినవే. 1950లో భవన నిర్మాణ ప్రమాణాల చట్టం అమల్లోకి రాకముందు సంప్రదాయ పద్ధతిలో కట్టినవాటినే నగరపాలక సంస్థ క్యో-మాచియాలుగా లెక్కిస్తుంది.

వీధి వైపు మొదట కనిపించేది సన్నని చెక్క పట్టీల జాలీ. దీన్ని కోషి అంటారు. పగటిపూట లోపల ఉన్నవాళ్లకు వీధి కనిపిస్తుంది, వీధిన పోయేవాళ్లకు లోపల ఏమీ కనిపించదు. పాత ఇళ్లలో పైఅంతస్తు పొట్టిగా ఉండి, దానికి మట్టి పూసిన నిలువు కమ్మీల కిటికీ ఉంటుంది. గోడ అడుగున వెదురు బద్దలను వంచి వరసగా నిలబెడతారు. కుక్కలనుంచీ, వాన చినుకుల చిందులనుంచీ గోడకు అది కాపలా. చూరు మీద గుబురు గడ్డంతో గుడ్లురిమే చిన్న మట్టి బొమ్మ ఉంటే అది షోకి, దుష్టశక్తులను తరిమే దేవత.

తలుపు జరిపి లోపలికి వెళితే ఇంటి ఒక పక్కగా ముందునుంచి వెనక దాకా మట్టి నేల నడవ ఉంటుంది. పేరు తోరినివా. పూర్వం వంట అందులోనే. పొయ్యి మీద కప్పు దాకా అడ్డు లేకుండా ఖాళీ వదిలేవారు, పొగ పైకి పోయేందుకూ, నిప్పురవ్వలు దూలాలకు అంటకుండా ఉండేందుకూ. ఈ ఎత్తైన ఖాళీలో పొగచూరి నల్లబడ్డ దూలాలు కనిపిస్తాయి. మరమ్మతు చేసిన బస ఇళ్లలో ఫొటోలకు ఎక్కువగా ఎక్కేది ఈ చోటే. నడవ పక్కన గదులు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ముందు అంగడి గది, తరవాత ఇంటివాళ్లు మసలే గది, చివర అతిథులకు చూపించే వెనక గది. ఆ వెనక గది ముందర త్సుబోనివా, అంటే నాలుగు బండరాళ్లు, ఒక రాతి దీపం, కాస్త నాచు ఉన్న చిన్న లోపలి తోట.

ఈ తోట అలంకారం కోసం మాత్రమే కాదు. పొడుగాటి ఇంటికి మధ్యలో వెలుతురూ, గాలీ ఇచ్చేది అదే. క్యోటోకు మూడు వైపులా కొండలు, వేసవిలో గాలి కదలదు. నీళ్లు చల్లిన నీడ తోటకూ, ఎండ కాసే వీధికీ మధ్య ఉష్ణోగ్రత తేడా వల్ల ఇంట్లో సన్నటి గాలి ఆడుతుంది. ఎండలు ముదరకముందే కాగితపు తలుపులు తీసేసి రెల్లు తడికల తలుపులు బిగించే అలవాటు కొన్ని ఇళ్లలో ఇప్పటికీ ఉంది. చలికాలానికి మాత్రం ఈ ఇల్లు ఏ మాత్రం పనికిరాదు. నేల కింద ఖాళీ, గోడ పల్చన, తలుపుల సందులు. ఏసీ, నేల కింద వేడి తీగలు అమర్చని ఇంట్లో జనవరి రాత్రి గడపడం శిక్షే. ఫొటోలో అందంగా కనిపించే ఇంటికీ సుఖంగా నిద్రపట్టే ఇంటికీ తేడా సరిగ్గా ఈ మరమ్మతులోనే ఉంది.

నగరానికి వాయవ్యంలో ఉన్న నిషిజిన్ నేతపనివాళ్ల పేట. అక్కడి మాచియాల్లో అంగడి గది ఉండదు. ఇంటి వెనక భాగంలో ఎత్తైన కప్పు కింద మట్టి నేల మీద మగ్గాలు. 1870లలో ఫ్రాన్స్‌లోని లియోన్ నుంచి మగ్గం మీద బిగించే జకార్డు యంత్రాలు తెచ్చుకున్నాక ఆ ఎత్తు మరీ అక్కరకొచ్చింది. మగ్గమూ కాపురమూ ఒకే కప్పు కింద ఉండటం పోచంపల్లి, వెంకటగిరి ఇళ్లు చూసినవాళ్లకు కొత్తేమీ కాదు. కిమోనో మీద కట్టే పట్టు నడికట్ల గిరాకీ తగ్గి మగ్గాలు ఆగిపోయాక ఆ పెద్ద గదులు కొన్ని ఇప్పుడు అతిథుల గదులయ్యాయి.

ఇళ్లు బసలుగా మారిన తీరు

యుద్ధం తరవాత క్యోటోవాసులకు మాచియా అంటే చీకటి, చలి, ఎలకలు. వారసత్వపు పన్ను కట్టాల్సి వచ్చినప్పుడు ఇల్లు పడగొట్టి స్థలం అమ్మేసేవారు. అక్కడ బహుళ అంతస్తులో, కార్ల పార్కింగో వచ్చేది. 1990ల్లో ఆ ఇళ్ల మీద మళ్లీ ఆసక్తి మొదలైంది. 1997లో నగరం ఏర్పాటుచేసిన పట్టణ దృశ్య పరిరక్షణ కేంద్రం, కొందరు వడ్రంగులు, వాస్తుశిల్పులు కలిసి మరమ్మతులకు దారి చూపారు. మొదట ఈ ఇళ్లు కాఫీ కొట్లు, భోజనశాలలు అయ్యాయి. జపాన్‌లో స్థిరపడ్డ అమెరికన్ రచయిత అలెక్స్ కెర్ 2004లో ఇయోరి అనే సంస్థ పెట్టి, బాగుచేసిన మాచియాలను ఇంటికి ఇల్లుగా యాత్రికులకు అద్దెకివ్వడం మొదలుపెట్టాడు. పాత ఇంటిని పాతగానే ఉంచి, స్నానాలగది, మరుగుదొడ్డి, వేడి మాత్రం కొత్తవి పెట్టాలన్నది అతని పద్ధతి. తరవాత వచ్చినవాళ్లలో చాలామంది అదే దారి పట్టారు.

పాత పట్టణ దృశ్యం చెడకుండా 2007లో నగరం నడిబొడ్డున భవనాల గరిష్ఠ ఎత్తు పరిమితిని 45 మీటర్ల నుంచి 31 మీటర్లకు తగ్గించారు. ఆ తరవాత కొన్నేళ్లకు విదేశీ యాత్రికుల వెల్లువ మొదలైంది. క్యోటోలో 'సరళ వసతి' అనే లైసెన్సు తీసుకున్న చిన్న బసలు 2014లో ఐదు వందల లోపు. 2019కల్లా మూడు వేలు దాటాయి. వాటిలో మాచియాలు కొన్నే. మిగతావి మామూలు ఇళ్లు, చిన్న భవనాలు. లైసెన్సే లేనివి ఎన్నో వేరే. 2020లో కోవిడ్ వచ్చి సరిహద్దులు మూసేసినప్పుడు చాలా బసలు మూతపడ్డాయి. సరిహద్దులు తెరిచాక రద్దీ తిరిగొచ్చింది.

చట్టం

మాచియాను అద్దెకివ్వడానికి రెండు దారులున్నాయి. మొదటిది హోటల్ వ్యాపార చట్టం కింద సరళ వసతి లైసెన్సు. దీనితో ఏడాది పొడుగునా అతిథులను దించుకోవచ్చు. రెండోది 2018 జూన్ 15న అమల్లోకి వచ్చిన ప్రైవేటు ఇళ్ల వసతి చట్టం, వాడుకలో మిన్‌పాకు చట్టం. దీని కింద ఏడాదికి 180 రోజులే. ఆ చట్టం వచ్చేముందు ఎయిర్‌బీఎన్‌బీ అనుమతి లేని వేలాది జపాన్ ఇళ్లను తన జాబితానుంచి తీసేయాల్సి వచ్చింది. అప్పటికే బుక్ చేసుకున్నవాళ్లు రాత్రికి రాత్రి వేరే బస వెతుక్కున్నారు.

క్యోటో దీనికి సొంత నిబంధన కలిపింది. పూర్తిగా నివాసాలే ఉన్న ప్రాంతాల్లో మిన్‌పాకు నడపడానికి జనవరి 15 నుంచి మార్చి 16 దాకా మాత్రమే అనుమతి. చెర్రీ పూల కాలం, శరదృతువు ఆకుల కాలం, జులైలో గియోన్ ఉత్సవం, ఏదీ అందులోకి రాదు. యాత్రికులు అతి తక్కువగా వచ్చే రెండు నెలలు వెతికి ఇచ్చారన్నమాట. యజమాని అక్కడే నివసించే ఇళ్లకు, క్యో-మాచియాలకు దీన్నుంచి మినహాయింపు ఇచ్చారు. నగరం ఏది నిలవాలని కోరుకుందో ఈ మినహాయింపే చెప్తుంది.

అతిథి ఉన్నంతసేపూ పిలిస్తే పది నిమిషాల్లో రాగల బాధ్యుడు దగ్గర్లో ఉండాలి. ఆ దూరాన్ని సుమారు 800 మీటర్లుగా తీసుకుంటారు. ఇంటి బయట లైసెన్సు వివరాలు, ఫోను నంబరు ఉన్న బోర్డు పెట్టాలి. అది అతిథి కోసం కాదు, అర్ధరాత్రి అల్లరికి లేచి కూర్చున్న పొరుగింటాయన కోసం. జపాన్‌లో చిరునామా లేని విదేశీయుడు పాస్‌పోర్టు నంబరు, జాతీయత రిజిస్టరులో రాయించాలి. పాస్‌పోర్టు నకలు కూడా తీసుకుంటారు. కంగారు పడనక్కర్లేదు, అది దేశమంతటా ఉన్న నియమమే.

చిరునామా, రాక

క్యోటోకు విమానాశ్రయం లేదు. ఒసాకా దగ్గరి కన్సాయ్ విమానాశ్రయం నుంచి హరుకా రైలు గంటా ఇరవై నిమిషాల్లో దించుతుంది. అసలు పరీక్ష ఆ తరవాతే. ఈ నగరంలో పాత చిరునామా ఇంటి నంబరుతో మొదలవదు. రెండు వీధుల కూడలి పేరు చెప్పి, అక్కడినుంచి 'అగారు' అంటే ఉత్తరానికి, 'సగారు' అంటే దక్షిణానికి, 'హిగాషి-ఇరు' తూర్పుకు, 'నిషి-ఇరు' పడమరకు అంటారు. రాజప్రాసాదం ఉత్తరాన ఉండటంతో అటు వెళ్లడం ఎక్కడం, ఇటు రావడం దిగడం. ఈ నాలుగు మాటలూ వస్తే టాక్సీ డ్రైవరు సరిగ్గా గుమ్మం ముందు దించుతాడు. రాకపోతే ఫోనులో మ్యాపు సందు మొదట్లో వదిలేస్తుంది, చాలా మాచియాలు కారు పట్టని సందుల్లోనే ఉన్నాయి.

రాత్రి పదింటికి ఆ సందులో చక్రాల పెట్టె లాక్కెళితే వరసగా పది ఇళ్లకు వినిపిస్తుంది. పెట్టెను ఎత్తి మోసుకెళ్లమని నిర్వాహకులు రాతపూర్వకంగా కోరతారు. విమానాశ్రయం నుంచో, ముందటి ఊరి నుంచో తక్యూబిన్ అనే పార్సెల్ సేవ ద్వారా సామాను ముందే పంపించేస్తే ఈ బాధ ఉండదు.

ఇంట్లో మసలుకోవడం

చెప్పులు గుమ్మంలోనే వదలడం మనవాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. దాని తరవాతి మెట్టే తెలియాలి. చెక్క నేల మీద ఇంటి చెప్పులు వేసుకోవచ్చు, తతామి చాపల మీద అవి కూడా విడిచేయాలి. మరుగుదొడ్డికి వేరే జత. క్యోటో తతామి దాదాపు 191 సెంటీమీటర్ల పొడవు, 95.5 సెంటీమీటర్ల వెడల్పు, తోక్యో చాపకన్నా పెద్దది. గదిని చదరపు అడుగుల్లో కాక చాపల లెక్కన చెప్తారు. ఆరు చాపల గదిలో ముగ్గురు పడుకోవచ్చు, పెట్టెలు బయట ఉంటే. పెట్టె చక్రాలు తతామిని చీల్చేస్తాయి, దాని ఖర్చు అతిథే భరించాలి. వెనక గదిలో గోడవారగా చిత్రపటం వేలాడే చోటు, తొకొనొమా, సామాను పెట్టుకునే అరుగు కాదు. యాత్రికులు తరచూ అక్కడే పెట్టెలు పేరుస్తారని నిర్వాహకుల మొర.

పరుపులు అల్మారాలో మడిచి ఉంటాయి, సాయంత్రం మనమే పరచుకోవాలి. స్నానం విషయంలో ఒకటే సూత్రం. తొట్టి బయట సబ్బు రుద్దుకుని శుభ్రంగా కడుక్కున్నాకే వేణ్నీళ్లలోకి దిగాలి. ఆ నీళ్లు ఇంట్లో అందరివీ. ఒకరు దిగాక ఇంకొకరు, మధ్యలో నీళ్లు మార్చరు. చెక్క తొట్టి ఉన్న ఇంటికి అద్దె ఎక్కువ.

మెట్లు వేరే మాట. పాత మాచియా మెట్లు నిచ్చెనకు దగ్గరి చుట్టాలు. కింద సొరుగులు అమర్చిన మెట్లయితే చూడముచ్చటగా ఉంటాయి, దిగేటప్పుడు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. జరుపుడు తలుపుల పైపట్టీ ఎత్తు అయిదడుగుల పది అంగుళాలకు మించదు. పొడుగువాళ్లకు మొదటిరోజే నుదురు బొప్పి కడుతుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలను తీసుకెళ్లేవాళ్లు కింది అంతస్తులో పడకగది, మరుగుదొడ్డి ఉన్నాయో లేదో ముందే అడగాలి.

వంటిల్లు

శాకాహారులైన తెలుగువాళ్లకు మాచియా బస ఇచ్చే అతిపెద్ద లాభం తోట కాదు, వంటిల్లు. క్యోటో వంటలో చారుకు, ఉడకబెట్టిన కూరకు, నూడుల్స్ పులుసుకు మూలం దాషి. సముద్రపు నాచుతో పాటు ఎండబెట్టిన చేప తురుము వేసి కాచిన రసం అది. పైకి కూరగాయలే కనిపించే గిన్నెలో కూడా అది ఉంటుంది. బౌద్ధాలయాల శాకాహార భోజనం దొరుకుతుంది గాని, మూడు పూటలా అది తినాలంటే జేబు ఒప్పుకోదు. నిషికి అంగడి వీధిలో సుమారు 400 మీటర్ల పొడుగునా టోఫు, యుబా అనే సోయా మీగడ పొరలు, క్యోటో వంకాయలు, ముల్లంగి దొరుకుతాయి. పొయ్యి, రైస్ కుక్కరు ఇంట్లో ఉంటే సగం సమస్య తీరినట్టే. అక్కడి బియ్యం పొట్టి గింజ, జిగటగా ఉడుకుతుంది. పెరుగన్నానికి బాగుంటుంది, పులిహోరకు లొంగదు.

మిక్సీ తీసుకెళ్లవద్దు. జపాన్‌లో కరెంటు 100 వోల్టులు, ప్లగ్గుకు రెండు బల్లపరుపు పిన్నులు. మన 230 వోల్టుల మిక్సీ అక్కడ సరిగ్గా తిరగదు. పచ్చి కరివేపాకు, పచ్చిమిరపకాయలు, పండ్లు దేశంలోకి తీసుకెళ్లాలంటే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, కొన్నింటిని అది ఉన్నా అనుమతించరు, మాంసపు పచ్చళ్లు అసలే కుదరదు. తాలింపు పొగకు అలారం మోగవచ్చు, కాగితపు తలుపులకూ తతామికీ పట్టిన ఇంగువ వాసన తొందరగా వదలదు. వేపుళ్లు వద్దని ఇంటి నియమాల్లో రాసి ఉంటే దానికి కారణం ఉంది.

చెత్త, చప్పుడు

క్యోటోవాసులు కాలే చెత్తను నగరం అమ్మే పసుపు సంచుల్లో వేసి, వారానికి రెండుసార్లు, నిర్ణయించిన పొద్దున, నిర్ణయించిన చోట పెడతారు. సీసాలు, డబ్బాలు, ప్లాస్టిక్ వేరే పారదర్శక సంచుల్లో. అతిథి ఈ వీధి కుప్పలో తన సంచి పెట్టకూడదు. బస ఇంటి చెత్త చట్టప్రకారం వ్యాపారపు చెత్త, దాన్ని నిర్వాహకుడే డబ్బిచ్చి తీయించాలి. అతిథి చేయాల్సింది ఇంట్లోని డబ్బాల్లో వేరుచేసి వేయడం వరకే. ఈ ఒక్క సంగతి తెలియక సందులో సంచి పెట్టి వెళ్లినవాళ్ల వల్ల వచ్చిన తగువులు లెక్కలేనన్ని.

మట్టి గోడ, చెక్క తలుపు చప్పుడును ఆపవు. తోట వైపు తలుపు తీసి రాత్రి పదకొండింటికి ఇండియాకు వీడియో కాల్ మాట్లాడితే పక్కింటి ముసలాయనకు మన ఇంటి గొడవలన్నీ వినిపిస్తాయి. ఆయన తలుపు కొట్టి చెప్పడు. మరునాడు బోర్డు మీది నంబరుకు ఫోన్ చేస్తాడు. నిప్పు విషయంలో భయం ఇంకా పాతది. వంటింటి గోడ మీద అతాగో కొండ ఆలయపు అగ్నిరక్ష చీటీ ఇప్పటికీ అంటిస్తారు. పొగ తాగడం దాదాపు అన్ని ఇళ్లలో నిషేధం.

గేషాలకు పేరుపడ్డ గియోన్ ప్రాంతంలో యాత్రికుల సమస్య మరో రూపం తీసుకుంది. గేషాల వెంటపడి ఫొటోలు తీసేవాళ్ల వల్ల విసిగిపోయిన అక్కడి నివాసుల సంఘం 2024లో ప్రైవేటు సందుల్లోకి యాత్రికుల ప్రవేశాన్ని నిషేధించి, పదివేల యెన్ల జరిమానా బోర్డులు పెట్టింది.

మేలూ కీడూ

2008-09 సర్వేలో క్యోటోలో దాదాపు 47,700 మాచియాలు లెక్కతేలాయి. 2016 సర్వేనాటికి సుమారు 40,100. ఏడింట ఒకటి ఖాళీ. 2017లో వచ్చిన పరిరక్షణ నిబంధన ప్రకారం ప్రత్యేకంగా గుర్తించిన మాచియాను కూల్చాలంటే ఏడాది ముందే నగరానికి తెలపాలి. కూల్చడాన్ని అది ఆపదు, కొనేవాళ్లనో అద్దెకు తీసుకునేవాళ్లనో వెతకడానికి వ్యవధి ఇస్తుంది. అలాంటి ఇంటికి మరమ్మతు ఖర్చు రాబట్టగల వ్యాపారం యాత్రికుల బసే. ఆ సంగతి కాదనలేం.

కానీ బస నిలబెట్టేది దూలాలను, పేటను కాదు. ప్రతి పేటలో చొనాయ్‌కాయ్ అనే ఇరుగుపొరుగు సంఘం ఉంటుంది. వీధి ఊడ్వడం, అగ్నిప్రమాద హెచ్చరిక గస్తీ, ఆగస్టు చివర పిల్లల కోసం చేసే జిజో దేవుడి పండుగ, ఇవన్నీ వంతులవారీగా ఇంటింటివాళ్లు చేసే పనులు. మూడు రాత్రులకొచ్చిన కుటుంబం ఏ వంతూ తీసుకోదు. సందులో సగం ఇళ్లు బసలైతే పండుగకు పిల్లలుండరు. దూరప్రాంతపు పెట్టుబడిదారులు కొనడం మొదలుపెడితే ధర పెరిగి, అదే పేటలో పుట్టిన యువ దంపతులు శివార్లకు వెళ్లిపోతారు. ఇళ్లు కాపాడామని చెప్పుకునే సంస్థలు ఈ రెండో లెక్క సాధారణంగా చెప్పవు.

ఖర్చు

అద్దె ఇంటి పరిమాణం, పేట, కాలాన్ని బట్టి విపరీతంగా మారుతుంది. ఏప్రిల్ మొదటి వారంలోనూ నవంబరు చివర్లోనూ అత్యధికం. శుభ్రతకు విడిగా రుసుము ఉంటుంది కాబట్టి ఒక్క రాత్రికి హోటలే చవక. నలుగురైదుగురు మూడు రాత్రులకు మించి ఉంటే మాచియా గిట్టుబాటు. వసతి పన్ను 2018 అక్టోబరు నుంచి ఉంది. 2026 మార్చి 1 నుంచి మనిషికి రాత్రికి 200 యెన్ల నుంచి 10,000 యెన్ల దాకా అయిదు అంచెలుగా పెంచారు. గది అద్దెను మనుషుల సంఖ్యతో భాగించి ఏ అంచెలోకి వస్తుందో చూస్తారు.

బుక్ చేసేముందు రెండు అడగండి, లైసెన్సు నంబరు, మెట్ల ఫొటో. రెండింట్లో ఏది ఇవ్వడానికి నసిగినా ఆ ఇల్లు వదిలేసి ఇంకోటి చూసుకోవడం మేలు.